సొంత వాక్యాలు

ఇంకా గంట టైముందని బంట్రోతు వరండాలో వేలాడే రైలు పట్టాముక్క మీద ఒక్క దెబ్బ వేసి పోయాడు, గంట చాలు, ఏడో ప్రశ్న ఒక్కటే మిగిలింది, మిగలడం కాదు నేనే మిగుల్చుకున్నాను, చిన్నప్పుడు అమ్మ అన్నంలో బెల్లం ముక్క పెడితే దాన్ని ఆఖరి ముద్దకు దాచుకునేదాన్ని, ఇదీ అంతే, ఎందుకంటే పొద్దున కాగితం చేతికి రాగానే నా కళ్ళు పోయి పడింది దీని మీదే, కింద ఇచ్చిన మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించుము అని ఇంగ్లీషులో ఉంది, ఐదు మాటలు, మాటకు రెండు మార్కులు, షెపర్డ్, కూలీ, పోర్టర్, వర్క్‌మన్, లేబరర్, చదవగానే నవ్వొచ్చింది, లోపలే ఆపుకుందామనుకున్నాను కానీ పైకే వచ్చేసింది, కాపలా సారు కళ్ళద్దాల మీంచి చూశారు, ఏం చేయను సార్, మా ఇంట్లో వాళ్ళను ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచినట్టుంది, గొర్రెలు కాసినవాడు మా నాయనే, ఇప్పుడు పలకల షెడ్డులో రాయి చీల్చేదీ ఆయనే, చీల్చిన పలకలు రుద్దేది మా అమ్మ, స్టేషన్లో మూటలు మోసేది నా మొగుడు, ఒక్క వర్క్‌మన్ ఎవరో తెలియడం లేదు, వెతికితే దూరపు చుట్టాల్లో ఎవరో ఒకరు ఉండకపోరు.

బల్ల నా మోకాళ్ళకు తగులుతోంది, పదహారేళ్ళ పిల్లల కోసం చేసిన బల్ల, నాకు ఇరవై ఎనిమిది, హాల్ టికెట్టు మీద జి. మాలకొండమ్మ అని, పక్కన ప్రైవేటు అని ఎర్రసిరాతో రాసి ఉంది, పొద్దున గుమ్మంలో నిలబడితే పక్క నంబరు పిల్ల, కొమరోలు నుంచి వచ్చిందట, అక్కా మీరు మాకు కాపలాకు వచ్చినారా అనడిగింది, లేదు తల్లీ నేను గూడా రాసేదానికే వచ్చినా అంటే నోరు తెరిచి, ఎన్నోసారక్కా అంది, మూడోసారి అన్నాను, ఆ పిల్ల ఏమనుకుందో పెట్టెలోంచి కొత్త పాళీ ఒకటి తీసి ఇచ్చింది, దాంతోనే రాస్తున్నాను, బాగా సాగుతోంది, దేవుడు దాన్ని చల్లగా చూడాలి. మిగతా సబ్జెక్టులన్నీ మొదటిసారే గట్టెక్కాయి, లెక్కల్లో అయితే అరవై రెండు, ఇంగ్లీషొక్కటే మొండిగా కూర్చుంది. రాష్ట్రం వచ్చిన ఏడు మా పలకల వీధిలో బడి పెట్టారు, అప్పట్లో రాజధాని కర్నూల్లో డేరాల కింద ఉండేది, చెప్పేవాళ్ళు దొరక్క థర్డు ఫారం చదివిన నన్నే పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు, ఇప్పుడు రాజధాని హైదరాబాదుకు పోయింది, కాగితాలు అక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎస్సెల్సీ లేని టీచర్లు జూన్ నుంచి ఉండరని, పాసైనవాళ్ళను ట్రైనింగుకు పంపి ఉద్యోగం ఖాయం చేస్తారని. పాసు కాకపోతే మళ్ళీ షెడ్డులో ఇసకా నీళ్ళూ పోసి పలకలు రుద్దుకోవడమే, అది తప్పు పనేం కాదు, తొమ్మిదేళ్ళు చేశాను, కానీ ముప్ఫై ఇద్దరు పిల్లలున్నారు, నేను పక్కకు తిరిగితే ఒకరినొకరు గిల్లుకుంటారు, ఇటు తిరిగితే బుద్ధిమంతులు, ఆ బడి పోతే నాకు ఏడుపొస్తుంది, ఉన్నమాట చెప్పడానికి సిగ్గేం లేదు.

పోయినేడు తప్పింది మాత్రం నా చేతి వల్లే. మా వీధిలో కాగితం మీద ఎవరు రాస్తారు, అంచు విరిగిన పలకలు షెడ్డు వెనక గుట్టగా పడి ఉంటాయి, ఎన్ని కావాలంటే అన్ని తెచ్చుకోవచ్చు, నా ఇంగ్లీషంతా ఆ విరిగిన పలకల మీద నేర్చుకున్నదే, రాయడం, చూసుకోవడం, నచ్చకపోతే అరచేయి నాలికకు తాకించి బర్రున తుడిచేయడం, మళ్ళీ రాయడం, ఒక్క వాక్యాన్ని ఇరవైసార్లు రాసి ఇరవైసార్లు తుడిచేదాన్ని, దాంతో పోయినేడు పరీక్షలో వ్యాసం రెండు పేజీలు నిండాక ఒక మాట తప్పనిపించింది, నా ఎడమచేయి నన్నడక్కుండా నాలిక మీదికి పోయి కాగితం మీదికి వచ్చేసింది, సిరా ఇంకా ఆరలేదు, ఒక్క రుద్దుకు అరపేజీ నీలం మడుగైపోయింది, ఇంకో రుద్దుకు కాగితం చిరిగింది, నేను గుడ్లప్పగించి చూస్తుంటే అప్పటి కాపలా సారు వచ్చి, ఏడవవాకమ్మా, ఈ ఊళ్ళో ఏటా ఇద్దరు ముగ్గురు ఇట్ల తుడుస్తానే ఉంటారు, బేస్తవారిపేటలో అయితే ఒక్కరూ తుడవరు అన్నారు, ఆయన ఓదార్చారో వెక్కిరించారో ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి ఎడమచేతిని తొడకింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను, తిమ్మిరెక్కింది, ఎక్కనీ.

మొదటిసారి తప్పింది వేరే కథ, సొంత వాక్యాలు రాయమన్నారని సొంతంగా రాశాను, రాఘవయ్యసెట్టిగారు అది విని నుదురు కొట్టుకున్నారు. ఆయనకు బజారులో పుస్తకాల దుకాణం, గైడు అమ్మేదీ ఆయనే, సాయంత్రం పూట దుకాణం అరుగు మీద నలుగురం కూర్చుంటే అదే గైడు వల్లె వేయించేదీ ఆయనే, బీయే ఇంగ్లీషులో ఆయనా మూడుసార్లు తప్పారు, నువ్వింకా నన్ను దాటలేదులేమ్మా అని నవ్వుతారు. దిద్దేటాయన ముందర కట్టలు కట్టలు కాగితాలు ఉంటాయమ్మా, నీ సొంత వాక్యం చదివి అర్థం చేసుకునే తీరిక ఆయనకు యాడుంటది, గైడు వాక్యం కనపడిందనుకో, చెయ్యి దానంతట అదే టిక్కు కొడతది, సొంతమన్నారని సొంతం రాసేవు, మునిగిపోతావు, ఒట్టు పెట్టు అన్నారు, పెట్టాను, గైడు మీదే చేయి వేసి పెట్టాను. ఆ గైడులో పనిపాటలవాళ్ళ మాటలకు ఒక పేజీ ఉంది, వంద మాటలు, వంద వాక్యాలు, అన్నీ నాకు నోటికి వచ్చు, వల్లె వేసేటప్పుడు అర్థం చూసుకోలేదు, వేగంగా పోతాయి కదా, ఒకరోజు గిన్నెలు కడుగుతూ వాటిని నెమ్మదిగా చెప్పుకుంటే అప్పుడు తెలిసింది, ఆ పేజీలో డాక్టరు వస్తాడు, నాడి చూస్తాడు, లాయరు వాదిస్తాడు, దర్జీ కూడా చొక్కా కుడతాడు, పనివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఓవర్సీరు కూలీని తిడతాడు, యజమాని బద్ధకస్తుడైన లేబరర్‌ను కొడతాడు, వర్క్‌మన్‌ను పనిలోంచి తీసేస్తారు, మావాళ్ళకు ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది తప్ప వాళ్ళు ఏ పనీ చేసినట్టు కనిపించదు. గైడు రాసినాయన మంచివాడే అయ్యుంటాడు, ఆయనకు ఎవరు చెప్పిన వాక్యాలో ఇవి.

సరే, షెపర్డ్. గైడులో ద షెపర్డ్ స్లీప్స్ అండర్ ద ట్రీ, గొర్రెలు కాసేవాడు చెట్టు కింద నిద్రపోతాడు, దీంతో నాకే పేచీ లేదు, నిజంగానే నిద్రపోయేవాడు మా నాయన. బేస్తవారిపేట అవతల మా ఊరు, నాకు ఏడెనిమిదేళ్ళు, మధ్యాహ్నం సద్ది తీసుకుని పోతే గొర్రెలన్నీ తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి ఎండకు కదలకుండా నిలబడి ఉండేవి, నాయన తుమ్మచెట్టు కింద గొంగడి మీద పడుకుని, నిద్రలోనే నా అడుగుల చప్పుడు పట్టి, యాడికొస్తాండావు ముళ్ళున్నాయి అనేవాడు కళ్ళు తెరవకుండా. నూటపది గొర్రెలు, ఎప్పుడూ లెక్కపెట్టినట్టు నేను చూడలేదు, సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కసారి మొహాలు చూసేవాడు, పొడుగు చెవులది రాలేదే అనేవాడు, నిజంగానే అది వచ్చి ఉండేది కాదు. రెండేళ్ళు వానలు లేక ఆ గొర్రెలు పోయినాయి, కొన్ని చచ్చి కొన్ని అమ్ముడై, మేము మార్కాపురం వచ్చేశాం, ఆ సంగతి ఇప్పుడెందుకు, రాస్తున్నాను సెట్టిగారూ, ద షెపర్డ్ స్లీప్స్ అండర్ ద ట్రీ, గైడు వాక్యమే రాశాను, రెండు మార్కులు, మీ ఒట్టు పదిలంగా ఉంది.

కూలీ. ఈ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మొదటిసారి చూసినప్పుడు మన ఊరి మనిషి కోటూ ప్యాంటూ వేసుకుని ఎదురైనట్టు అనిపించింది, ఓరి నువ్వా అని పలకరించబోయాను. ఓవర్సీర్ స్కోల్డెడ్ ద కూలీ అని రాసేస్తే అయిపోతుంది, పాళీ సిరాలో ముంచాను కూడా, సరిగ్గా అప్పుడు మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి, ఎందుకొచ్చాయో. మా అమ్మ మస్తానమ్మ పదిహేడేళ్ళుగా పలకలు రుద్దుతోంది, తడి ఇసక వేసి అరచేత్తో గుండ్రంగా రుద్దుతూ ఉంటే పలక నునుపవుతుంది, చేయీ నునుపవుతుంది, పోయిన శ్రావణంలో సహకార సంఘంలో చేర్చుకుంటామంటే ఆడవాళ్ళందరం పోయాం, గుమాస్తా అమ్మ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దాడు, నల్లటి మచ్చ పడింది, ఒక్క గీత లేదు, మళ్ళీ అద్దాడు, మళ్ళీ మచ్చే, ఏందవ్వా నీకు ముద్దరే లేదే, ముద్దర లేనిదాన్ని ఎట్ల చేర్చుకునేది అన్నాడు, అమ్మ తన వేలిని తనే కొత్తగా చూసుకుని, గీతలన్నీ పలకల మీద పోసినా నాయనా, యాడ ఎత్తుకొచ్చేది అంది, అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది కానీ ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ మర్నాడు నేను దిద్దించడం మొదలుపెట్టాను, ఆమె పేరులో నాలుగక్షరాలకు, సకు పెట్టే తావొత్తుతో కలిపి, పదమూడు రోజులు పట్టింది, ఆ తావొత్తు దగ్గర నన్ను ఎన్ని తిట్లు తిట్టిందో, పద్నాలుగో రోజు తనే రుద్దిన పలక మీద తన పేరు రాసుకుని దాన్ని పొయ్యి పక్కన నిలబెట్టి ఎవర్నీ తుడవనివ్వలేదు, సంఘానికి పోయి గుమాస్తా ముందర సంతకం పెట్టింది, ఆయన ఊరికే ఉండక బాగుందే అన్నాడు, అదంతా గుర్తొచ్చాక ఓవర్సీరు ఎక్కణ్ణుంచి వస్తాడు, ద కూలీ సైన్డ్ హర్ నేమ్, రాసేశాను, సెట్టిగారి ఒట్టు పోయింది, పోతే పోయింది, మా అమ్మకు సంతకం వచ్చునని మద్రాసులోనో హైదరాబాదులోనో దిద్దే పెద్దమనిషికి తెలియడంలో తప్పేముంది.

పోర్టర్ అంటే ఇక నా మొగుడు పుల్లయ్య, మార్కాపురం రోడ్డు స్టేషన్లో జబ్బకు ఇత్తడి బిళ్ళ కట్టుకుని తిరుగుతాడు. గైడులో ద పోర్టర్ రన్స్ ఆఫ్టర్ ద జెంటిల్‌మన్ అని ఉంది, పోర్టరు పెద్దమనిషి వెనక పరుగెత్తుతాడు, ఇది చదివి అర్థం చెబితే పుల్లయ్య తింటున్నవాడల్లా ముద్ద కింద పెట్టి నవ్వాడు, ఎవురు ఎవురి ఎనకాల పరిగెత్తేది, ఆ రాసినాయన ఎప్పుడన్నా మా స్టేషన్లో రైలు దిగినాడా అన్నాడు. ఆయన చెప్పింది నేనూ చూశాను, రైలు రెండు నిమిషాలు ఆగుతుంది, ఈయన పెట్టె నెత్తిన పెట్టుకుని, ఇంకోటి చంకలో ఇరికించుకుని, ఎవరినీ చూడకుండా ఇంజను దిక్కు దూసుకుపోతాడు, వెనకాల పంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఓయ్ ఓయ్ నా పెట్టె అని అరుస్తూ పెద్దమనుషులు పరుగెత్తుతారు, ఒకసారి గిద్దలూరు పోయే ఒక లాయరుగారు అట్లా పరుగెత్తి పరుగెత్తి వేరే రైలుపెట్టెలో ఎక్కేశారు, సామాను ఒక పెట్టెలో, ఆయన ఒక పెట్టెలో, కంభం దాకా కిటికీలోంచి కేకలే. పెళ్ళికి ముందు ఈయన్ని మొదటిసారి చూసింది కూడా స్టేషన్లోనే, పలకల పెట్టెలు వ్యాగన్లోకి ఎక్కిస్తున్నాడు, పెట్టెలో ఒక్క పలక పగిలినా దింపేటప్పుడు చప్పుడు మారుతుందట, ఇది పగిలింది, మీ షెడ్డు వాళ్ళకు చెప్పు అన్నాడు నాతో, పెట్టె తెరిచి చూస్తే నిజం, అప్పుడే అనుకున్నాను వీడెవడో బాగున్నాడని. ద జెంటిల్‌మన్ రన్స్ ఆఫ్టర్ ద పోర్టర్, రాశాను, రాస్తుంటే మళ్ళీ నవ్వొచ్చింది, కాపలా సారు ఈసారి దగ్గరికే వచ్చి బల్ల కింద తొంగి చూశారు, అక్కడ నా చెప్పులు తప్ప ఏమున్నాయి.

వర్క్‌మన్ దగ్గర నవ్వు పోయింది. అరగంట దెబ్బ కొట్టారు, కొమరోలు పిల్ల ఇంకో కాగితం అడిగి తీసుకుంది, గోడ మీద ఉడత ఒకటి దూలం దాకా పోయి దిగింది, చెమట మోచేతి నుంచి కాగితం మీదికి జారుతోంది, కొంగుతో అద్దుకున్నాను. ద వర్క్‌మన్ వాస్ డిస్మిస్డ్ ఫ్రమ్ సర్వీస్, సర్వీసులోంచి తీసేశారు, ఈ వర్క్‌మన్ ఎవరా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను, దొనకొండ రైలు షెడ్డులో నీలం బట్టలు వేసుకుని తిరిగేవాళ్ళేమో అనుకున్నాను, ఇప్పుడు కాగితం మీద ఆ మాట చూస్తుంటే జూన్‌లో నా చేతికి వచ్చే కాగితంలో కూడా ఇదే మాట ఉంటుందేమో అనిపించింది, కర్నూలు వైపు నుంచి ట్రైనింగయిన ఆయనెవరో వస్తాడు, మంచి మనిషే అయ్యుంటాడు, నా పిల్లలు ఆయన ముందర నోరు విప్పరు, మధ్యాహ్నానికల్లా పలకల గుట్ట దగ్గరికి పారిపోతారు, ఆయన వాళ్ళను మొద్దులనుకుంటాడు, ఆ పిల్లలు మొద్దులు కాదు, వాళ్ళను పిలిచే పద్ధతి ఉంది, అది నాకు తెలుసు, ఆయనకు ఎవరు చెబుతారు. భయమేసింది. బుద్ధిగా గైడు వాక్యమే రాశాను, వర్క్‌మన్‌ను తీసేశారని, ఒక్క అక్షరం మార్చలేదు, ఎవరినో నాకు తెలియని మనిషిని తీసేయడానికి నేను ఒప్పుకున్నట్టు అనిపించి మనసు కొంచెం చివుక్కుమంది, క్షమించు నాయనా వర్క్‌మన్, నాకు రెండు మార్కులు కావాలి.

ఇక మిగిలింది లేబరర్, అసలు బెల్లం ముక్క ఇదే, చేదు కూడా ఇదే. కిటికీలోంచి షెడ్ల చప్పుడు వినిపిస్తోంది, ఉలి మీద సుత్తి, టక్కు టక్కుమని, యాభైమంది కొడుతుంటే అందులో నాయనది ఏదో చెప్పలేను, వింటే మాత్రం బాగుంటుంది. కార్తీకంలో ఒక మధ్యాహ్నం నాయనకు అన్నం తీసుకుపోయి, ఆయన తింటుంటే పక్కన కూర్చుని గైడు వల్లె వేస్తున్నాను, చుట్టూ అంకన్న మామా, మిగతా చీల్చేవాళ్ళూ మూటలు విప్పుకుని తింటున్నారు, నాయన ఉన్నట్టుండి, ఆ ఇంగ్లీషులో మా మాట ఏమన్నా ఉందామ్మే అనడిగాడు. ఉంది నాయనా అన్నాను. ఏమని ఉంది. అందరూ తినడం ఆపారు. పుస్తకం నా ఒళ్ళోనే తెరిచి ఉంది, ద మాస్టర్ బీట్ ద లేజీ లేబరర్, బద్ధకస్తుడైన కూలివాణ్ణి యజమాని కొట్టాడు, తెల్లారి ఐదుకు వచ్చి కూర్చున్న మనుషులు, మోకాళ్ళ మీద అన్నం మూటలు, వాళ్ళ మొహాల్లోకి చూసి ఆ వాక్యం ఎట్లా చెప్పేది, నోటికి వచ్చిందేదో చెప్పేశాను, లేబరరు ఎండలో కూర్చుని రాయి చీలుస్తాడు అని రాసినారు నాయనా అన్నాను. షెడ్డంతా సంబరపడింది, ఇంగ్లీషోళ్ళకు మన పని తెలుసునంటరా అని అంకన్న మామ తొడ చరిచాడు. నాయనొక్కడే సంబరపడలేదు, చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, ఎండలోనా అన్నాడు.

ఎండలో పెడితే రాయి చీలుతాదా, తప్పు రాసినాడు ఆయన అన్నాడు నాయన. గనిలోంచి వచ్చిన రాయిని వచ్చినట్టు తడి గోనె కింద పెట్టాల, నీడన పెట్టాల, దాని వంటి మీద తడి ఆరకముందే పొర తీయాల, ఎండిందంటే పెళుసెక్కి ముక్కలైపోతాది, ఆ రాసినాయన రాయిని కంటితో చూసినోడు కాదు, చెప్పు ఆయనకు అన్నాడు. వాళ్ళ రాయి వేరేదేమోలేరా అని అంకన్న మామ ఇంగ్లీషోళ్ళ పక్షాన వాదించాడు, యాడన్నా రాయి రాయేరా అని నాయన, తినడం మాని ఇద్దరూ దాని మీదే పడ్డారు, నేను తల వంచుకుని పుస్తకంలోకి చూస్తున్నాను. తొమ్మిదేళ్ళు ఆ షెడ్డులో పనిచేశాను, తడి గోనెలు నా చేత్తో కప్పాను, నీళ్ళు చల్లాను, నాయన ఒక్కరోజైనా ఎండలో కూర్చుని రాయి చీల్చగా చూడలేదు, మరి నా నోట్లోంచి ఆ ఎండ ఎట్లా వచ్చింది, గైడు వల్లె వేసీ వేసీ లేబరర్ అనగానే ఎండ, చెమట, దెబ్బ, ఇవే నోటికి వచ్చేట్టు తయారయ్యాను, కళ్ళ ముందర నీడలో కూర్చున్న నా నాయన కనపడలేదు. అబద్ధం చెప్పినందుకు అంత సిగ్గనిపించలేదు కానీ అబద్ధం కూడా తప్పుగా చెప్పినందుకు చాలా సిగ్గేసింది. అప్పట్నుంచి వారానికోసారి నాయన, చెప్పినావామ్మే ఆ రాసినాయనకు అంటాడు, చెప్తాలే నాయనా అంటాను, ఈ పొద్దున కూడా ఇంటి గుమ్మంలో ఎదురొచ్చి అదే అడిగాడు, బాగా రాయి అనలేదు, అదే అడిగాడు.

బయట పట్టాముక్క మీద రెండు దెబ్బలు పడ్డాయి, పది నిమిషాలు. గోనెకు ఇంగ్లీషు ఏమిటో తెలియదు, గైడులో లేదు, సెట్టిగారు చెప్పలేదు, బ్యాగ్ అందామా, గోనె సంచి కూడా సంచే కదా, చీలడానికి మాట తెలియదు, తెరుచుకోవడం తెలుసు, నాయన కూడా రాయి తెరుచుకుంది అనే అంటాడు పొర బాగా వచ్చినప్పుడు, మాటలు చాలవు కానీ ఉన్నవాటితో పని జరుగుతుంది. మై ఫాదర్ ఈజ్ ఎ లేబరర్. హి కీప్స్ ద స్టోన్ అండర్ ఎ వెట్ బ్యాగ్. హి సిట్స్ ఇన్ ద షేడ్. డ్రై స్టోన్ విల్ నాట్ ఓపెన్. ఒక్క వాక్యం అడిగితే నాలుగు రాశాను, రాసి చదువుకున్నాను, మళ్ళీ చదువుకున్నాను, నాకు చాలా సంతోషమేసింది, ఒళ్ళంతా తేలికైంది, మూడేళ్ళుగా ఇంగ్లీషు రాస్తున్నాను కానీ ఇంగ్లీషులో ఒక సంగతి చెప్పడం ఇదే మొదలు. తర్వాత మార్కులు వేసుకున్నాను, మిగతా అంతా కలిపి ముప్ఫై రావచ్చు, గైడు వాక్యాలు రెంటికీ నాలుగు, ముప్ఫై నాలుగు, పాసుకు ముప్ఫై ఐదు, ఒక్కటి తక్కువ, అంటే అమ్మ సంతకమో, పుల్లయ్య వెనక పరుగెత్తే లాయరుగారో, నాయన తడి గోనెనో, ముగ్గురిలో ఒకరు దిద్దే ఆయనకు నచ్చాలి, ఒక్క మార్కుకు నచ్చితే చాలు. నా వాక్యాలు కొట్టేసి గైడువి రాయడానికి టైముంది, ఐదు నిమిషాలుంది, పాళీ చేతిలోనే ఉంది, సెట్టిగారి మొహం కూడా కళ్ళ ముందే ఉంది, నేను కదల్లేదు, కాపలా సారు వచ్చి కాగితాలు అడిగితే దారంతో కట్టి ఇచ్చేశాను.

గేటు బయట ఎండ కళ్ళలో పడింది, జనంలో నాయన కనిపించాడు, షెడ్డులోంచి అట్లాగే వచ్చేసినట్టున్నాడు, తలపాగా మీదా మీసాల మీదా రాతిదుమ్ము. "రాసినావామ్మే?" అన్నాడు. "రాసినా నాయనా." "మరి ఆయనకు చెప్పినావా, రాయి సంగతి?" "చెప్పినా. తడి గోనె కింద పెట్టాలని, నీడన కూర్చోవాలని, ఎండితే తెరుచుకోదని, అంతా చెప్పినా." "మంచి పని చేసినావు," అని ముందుకు నడిచాడు, నేను వెనకే నడిచాను, నాలుగడుగులు వేశాక ఇక దాచబుద్ధి కాలేదు. "నాయనా, ఆ పుస్తకంలో రాయి మాటే లేదు. ఎండ అని రాసింది వాళ్ళు కాదు, నేనే అట్ల చెప్పినా." నాయన ఆగలేదు, వెనక్కి తిరగలేదు. "తెలుసులేమ్మే," అన్నాడు. "ఇంగ్లీషు పుస్తకంలో మన రాయి ఎందుకుంటాది? అందులో ఉండేది నువ్వు దాచినావంటే అది మేం వినదగ్గది కాదని ఆ పొద్దే అనుకున్నా. మరి ఎండలో చీలుస్తారంటివి. అంతమంది ముందర నా కూతురికి రాయి తెల్దని ఎట్లనేది? అందుకని ఆ రాసినాయన మీద పెట్టి చెప్పినా." నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన తలపాగా విప్పి దుమ్ము దులిపి నా నెత్తిన ఎండ పడకుండా కప్పి, "జూన్‌లో బడి తెరిచినాక పిల్లోళ్ళకు గూడా అట్లనే చెప్పు, తడి గోనె కింద పెట్టాలని," అన్నాడు.